పైన గాలి కిందకి ఎన్నాళ్లకి వస్తుంది? ఒక తప్పు మోడల్ కథ

ఈ ఎపిసోడ్ నా తప్పు దిద్దుకోవడంతో మొదలుపెడుతున్నాను. ఓజోన్ మీద చేసిన ఎపిసోడ్‌లో ఫ్లోలో ఒక మాట అనేశాను. "స్ట్రాటోస్ఫియర్ గాలి వేరు, మనం పీల్చే గాలి వేరు, ఆ రెండూ కలవవు" అని. రెండు రోజులకి ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు మెయిల్ పెట్టారు. ఒకటే లైన్. "కలవకపోతే మా పాత ఫ్రిజ్‌లో గ్యాస్ అక్కడికి ఎలా పోయింది బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. అంటే, కలుస్తాయని తెలుసు, కానీ ఎలా, ఎంత, ఎన్నాళ్లకి అంటే చెప్పలేను. బీటెక్‌లో ఇది చదవలేదు. తర్వాత ఐదేళ్లు సర్వర్లు చూసుకుంటూ కూర్చున్నాను. సరే అని మూడు వారాలు దీని మీదే పడ్డాను. చదువుతూ పోతే తెలిసిందేంటంటే, ఈ ప్రశ్నకి ఒకప్పుడు చాలా పెద్దవాళ్లు తప్పు జవాబు చెప్పారు. ఆ తప్పు ప్రపంచమంతా పిల్లలు తాగే పాల దాకా వచ్చింది. ఆ కథ చెప్పాలంటే ముందు కొంచెం లెక్క కావాలి. భయపడకండి, భాగహారం ఒక్కటే.

ముందు రెండు పొరల సంగతి. కింద ఉన్నది ట్రోపోస్ఫియర్. ఎండకి నేల వేడెక్కుతుంది, నేల వల్ల గాలి వేడెక్కుతుంది, పైకి లేస్తుంది, మబ్బు పడుతుంది, వాన పడుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి ఇక్కడ గాలి ఎప్పుడూ కిందా మీదా పడుతూనే ఉంటుంది. దాని పైన స్ట్రాటోస్ఫియర్. అక్కడ ఓజోన్ ఎండలోని అల్ట్రావయొలెట్‌ని పీల్చుకుంటుంది కాబట్టి పైకి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. అంటే తేలిక గాలి పైన, బరువు గాలి కింద. జాడీలో ఆవకాయ మీద నూనె తేలినట్టు, కదలకుండా కూర్చుంటుంది. ఈ రెంటి మధ్య హద్దు పేరు ట్రోపోపాజ్. మన వైపు, అంటే ఉష్ణమండలంలో, అది 16, 17 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ధ్రువాల దగ్గర 8, 9 కిలోమీటర్లే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

ఇప్పుడు భాగహారం. మీ అపార్ట్‌మెంట్ మీద ట్యాంకు ఉంది. పదివేల లీటర్లు పడుతుంది. గంటకి వెయ్యి లీటర్లు వస్తున్నాయి, వెయ్యి పోతున్నాయి. ఒక చుక్క ట్యాంకులో సగటున ఎంతసేపు ఉంటుంది? పది గంటలు. ఉన్న సరుకుని పారే వేగంతో భాగిస్తే ఉండే కాలం వస్తుంది. దీన్నే రెసిడెన్స్ టైమ్ అంటారు. వాతావరణ మోడల్స్ అన్నిటికీ ముత్తాత ఈ ట్యాంకే. దీన్ని బాక్స్ మోడల్ అంటారు.

భూమి మీద గాలి మొత్తం బరువు సుమారు 51,000 కోట్ల కోట్ల కిలోలు. అవును, కోటి రెండుసార్లు. నేల దగ్గర పీడనం సుమారు వెయ్యి హెక్టోపాస్కల్స్. పీడనం అంటే పైనున్న గాలి బరువే కదా. కాబట్టి పీడనం 70 ఉన్న ఎత్తు తీసుకుంటే, దాని పైన మొత్తం గాలిలో 7 శాతం ఉన్నట్టు. ఆ ఎత్తు 18 కిలోమీటర్లు దాటి ఉంటుంది, మన వైపు ట్రోపోపాజ్‌కి కొంచెం పైన. 7 శాతం అంటే సుమారు 3,600 కోట్ల కోట్ల కిలోలు. అది మన ట్యాంకు. ఉష్ణమండలంలో ఆ ఎత్తు దాటి పైకి పోయే గాలి సెకనుకి సుమారు 600 కోట్ల కిలోలు. భాగించండి. 6 కోట్ల సెకన్లు. ఏడాదికి 3 కోట్ల 15 లక్షల సెకన్లు. అంటే రెండేళ్లకి కాస్త తక్కువ.

కాగితం మీద, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేకుండా వచ్చేసింది. స్ట్రాటోస్ఫియర్‌లో గాలి సుమారు రెండేళ్లకోసారి మారిపోతుంది.

ఇక్కడ ఆగి ఒక్క నిమిషం ఆ 600 కోట్ల కిలోల గురించి మాట్లాడాలి. వినడానికి భయంకరమైన ప్రవాహంలా ఉంది కదా. కానీ ఉష్ణమండలం అంటే చిన్న జాగా కాదు. దక్షిణాన 30 డిగ్రీల నుంచి ఉత్తరాన 30 డిగ్రీల దాకా తీసుకుంటే భూమిలో సరిగ్గా సగం. అంత విస్తీర్ణం మీద పరిస్తే ఆ గాలి పైకి లేచే వేగం సెకనుకి 0.2 మిల్లీమీటర్లు. రోజుకి 17 మీటర్లు. మన లిఫ్ట్ సెకనుకి మీటరు ఎక్కుతుందనుకుంటే దీనికి ఐదువేల రెట్లు. దీన్ని నేరుగా కొలిచే పరికరం ఉండదు. తిరుపతి దగ్గర గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది, 53 మెగాహెర్ట్జ్‌ది, 1,024 యాగీ యాంటెనాలు పొలంలో పరిచినట్టు ఉంటాయి. నిలువుగా వీచే గాలిని కొలవగల అరుదైన రాడార్లలో అది ఒకటి. కానీ అది కూడా చూసేది సెకనుకి సెంటీమీటర్ల లెక్కలో పైకీ కిందకీ ఊగే గాలిని. ఆ ఊపుల కింద దాక్కున్న 0.2 మిల్లీమీటర్లు దానికీ చిక్కదు.

మరి ఎలా తెలిసింది? గాలి మీద ముద్రలు చూసి. ఉష్ణమండలపు ట్రోపోపాజ్ చాలా చల్లన, మైనస్ 80 డిగ్రీల చుట్టూ. పైకి పోయే గాలిలో తేమంతా అక్కడ మంచుగా రాలిపోతుంది. డిసెంబర్, జనవరిల్లో అది ఇంకా చల్లన కాబట్టి ఆ నెలల్లో దాటిన గాలి మరింత పొడిగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో దాటిన గాలిలో తేమ కొంచెం ఎక్కువ. శాటిలైట్ డేటాలో చూస్తే ఒక పొడి పొర, ఒక తడి పొర, మళ్లీ పొడి పొర, అలా ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా పైకి పోతూ కనిపిస్తాయి. 1996లో దీన్ని చూపించిన శాస్త్రవేత్తలు టేప్ రికార్డర్ అని పేరు పెట్టారు. ఆ చారలు ఎంత వేగంగా ఎక్కుతున్నాయో చూస్తే గాలి వేగం తెలుస్తుంది.

[స్క్రీన్ మీద: 1954 నాటి ప్రపంచ పటం]

ఇక అసలు కథ. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్‌లో బికినీ దగ్గర కాజిల్ బ్రావో అనే హైడ్రోజన్ బాంబు పేల్చింది. 15 మెగాటన్నులు. దాని మబ్బు స్ట్రాటోస్ఫియర్‌లోకి చొచ్చుకుపోయింది. అందులో స్ట్రాన్షియం-90 ఉంది. దాని అర్ధాయువు 29 ఏళ్లకి దగ్గర. కెమిస్ట్రీ పరంగా అది కాల్షియంకి తమ్ముడు లాంటిది. గడ్డి మీద పడితే ఆవు తింటుంది, పాలలోకి వస్తుంది, పిల్లల ఎముకల్లో, పళ్లలో కాల్షియం పక్కన కూర్చుంటుంది.

కాబట్టి ప్రశ్న ఒకటే. పైకి పోయిన సరుకు ఎన్నాళ్లకి కిందకి వస్తుంది, ఎక్కడ పడుతుంది?

అప్పుడు అమెరికా అటామిక్ ఎనర్జీ కమిషన్‌లో దీనికి జవాబు చెప్పాల్సిన మనిషి విల్లార్డ్ లిబ్బీ. చిన్నవాడేం కాదు. కార్బన్ డేటింగ్ కనిపెట్టినవాడు, 1960లో దానికే కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆయన వాడింది కూడా మన ట్యాంకు మోడలే. స్ట్రాటోస్ఫియర్ మొత్తం ఒకటే ట్యాంకు, లోపల అంతా బాగా కలిసిపోతుంది, కింద చిన్న చిల్లు ఉంది, పదేళ్ల చుట్టూ రెసిడెన్స్ టైమ్, కారిందంతా భూగోళం మీద సమానంగా పడుతుంది. ఈ మోడల్ ప్రకారం ఎవరి పొలం మీద అయినా పడేది తక్కువ, అదీ నిదానంగా. కాబట్టి కంగారు లేదు.

చూడండి, నేను లిబ్బీని విలన్ చెయ్యడం లేదు. డేటా లేనప్పుడు ఎవరైనా ఒక్క బాక్స్‌తోనే మొదలుపెడతారు, నేనూ అదే చేశాను పది నిమిషాల కింద. గొడవ ఎక్కడంటే, దానికి ఎదురు చెప్పే సాక్ష్యం అప్పటికే అచ్చులో ఉంది.

1949లో అలన్ బ్రూయర్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఇంగ్లండ్ మీద విమానంలో కొలిచిన తేమ గురించి రాశాడు. స్ట్రాటోస్ఫియర్ ఎముకలా ఎండిపోయి ఉంది. అంత పొడిగా ఉండాలంటే ఆ గాలి ఎప్పుడో మైనస్ 80 లాంటి చలి దాటి ఉండాలి. ఇంగ్లండ్ మీద ట్రోపోపాజ్ అంత చల్లగా ఉండదు. అంత చలి ఉష్ణమండలం మీదే ఉంది. కాబట్టి గాలి అక్కడ ఎక్కి, ధ్రువాల వైపు పోయి, ఇక్కడ దిగుతోంది అన్నాడు. 1956లో గార్డన్ డాబ్సన్ ఓజోన్ వైపు నుంచి అదే మాటకి వచ్చాడు. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఉష్ణమండలం పైన. కానీ ఎక్కువగా పోగయ్యేది ఉత్తరాన, అదీ శీతాకాలం చివర, వసంతంలో. ఎవరో మోసుకెళ్లి అక్కడ పోస్తేనే అలా అవుతుంది. ఈ ప్రవాహానికి ఇప్పుడు వాళ్లిద్దరి పేరే, బ్రూయర్-డాబ్సన్ సర్క్యులేషన్.

అంటే ట్యాంకులో అంతా సమానంగా కలవడం లేదు. ఒక వైపు పంపు, ఇంకో వైపు డ్రైన్. అమెరికా వెదర్ బ్యూరోలో లెస్టర్ మాక్టా అనే వాతావరణ శాస్త్రవేత్త ఇదే చెప్పాడు. 1957లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు కూడా చెప్పాడు. అణుధూళి సమానంగా పడదు, ఉత్తరార్ధగోళంలో మధ్య అక్షాంశాల మీద ఎక్కువ పడుతుంది అని. అక్కడ ఎవరుంటారు? న్యూయార్క్, లండన్, మాస్కో, టోక్యో.

తేడా ఎంతో మీకు తెలియాలని నేను చిన్న కోడ్ రాశాను. పైథాన్‌లో ముప్ఫై లైన్లు. పదేళ్ల రెసిడెన్స్ టైమ్ పెడితే మొదటి రెండేళ్లలో 18 శాతం దిగుతుంది. ఏడాదిన్నర పెడితే 74 శాతం. నాలుగు రెట్లు. ఇప్పుడు చోటు. 30 నుంచి 60 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య భూమిలో 18 శాతమే ఉంది. సమానంగా పడితే సరుకులో 18 శాతం అక్కడ పడాలి. ఉదాహరణకి సగం అక్కడే పడిందనుకోండి, మరో 2.7 రెట్లు. రెండూ గుణిస్తే పదకొండు రెట్లు. ఇది నా టాయ్ లెక్క, చరిత్రలో నిజంగా పడిన అంకె కాదు. కానీ ఒక్క అంచనా తప్పితే జవాబు ఎంత జారిపోతుందో చూడండి.

ఒక డౌట్ రావాలి మీకు. స్ట్రాన్షియం అర్ధాయువు 29 ఏళ్లు కదా, రెండేళ్లకి పడినా పదేళ్లకి పడినా చివరికి అంతా పడుతుందిగా, తేడా ఏంటి అని. మంచి డౌట్. నాకూ వచ్చింది. తేడా ఏంటంటే, పాలలోకి వచ్చేది నేలలో పోగైన సరుకు నుంచి మాత్రమే కాదు. ఈ వారం గడ్డి ఆకు మీద నేరుగా పడినదాన్ని ఆవు ఈ వారమే మేస్తుంది. అది మొత్తం ఎంత అన్నదాన్ని బట్టి ఉండదు, ఎంత వేగంగా పడుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అంటే రెసిడెన్స్ టైమ్‌ని బట్టి.

మాక్టా మాటే నిజమైంది. 1957 నుంచి యూ-2 విమానాలతో, అవును ఆ గూఢచారి విమానాలే, 20 కిలోమీటర్ల ఎత్తులో ఫిల్టర్ పేపర్లు పెట్టి ధూళి పట్టుకొచ్చారు. వాన నీళ్లు కొలిచారు. పదేళ్లు కాదు. ఎక్కడ, ఏ ఎత్తులో, ఏ కాలంలో పోశారన్నదాన్ని బట్టి కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్లు. ధ్రువాల వైపు కింది పొరలో పోస్తే త్వరగా, ఉష్ణమండలంలో బాగా పైన పోస్తే ఆలస్యంగా. పైగా ప్రతి వసంతంలో ఒక పోటు. ఒకే అంకె అనేదే లేదు. మా పాత ఉద్యోగంలో సర్వీస్ సగటు లేటెన్సీ బాగుందని డ్యాష్‌బోర్డ్ చూపించేది, కస్టమర్లేమో ఫోన్ చేసి తిట్టేవాళ్లు. ఎందుకంటే సగటు వెనక ఎవరికి ఎంత ఆలస్యం అవుతోందో కనిపించదు. రాత్రి రెండింటికి లేచి అది నేర్చుకున్నాను. ఈ కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

ఈలోగా సోవియట్ యూనియన్ 1961 అక్టోబర్ 30న నోవాయా జెమ్లియా మీద సుమారు 50 మెగాటన్నుల బాంబు పేల్చింది. 1962లో రెండు దేశాలూ పోటీపడి పేల్చాయి. 1963 వసంతంలో ఉత్తరార్ధగోళంలో స్ట్రాన్షియం జడివాన కురిసినట్టు దిగింది. అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్లో 1958 నుంచే డాక్టర్లు, తల్లులు కలిసి పిల్లల ఊడిన పాలపళ్లు పోగుచేస్తున్నారు, లక్షల్లో. బాంబు పరీక్షలు పెరిగేకొద్దీ పళ్లలో స్ట్రాన్షియం పెరగడం ఆ పళ్లలోనే కనిపించింది. 1963 ఆగస్టు 5న మాస్కోలో గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో పరీక్షలు ఆపే ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. ఒప్పందానికి చాలా కారణాలున్నాయి, మోడల్ ఒక్కటే అని నేను అనను. కానీ పదేళ్లు ట్యాంకులో ఉంటుందిలే అనే భరోసా మాత్రం అప్పటికి చచ్చిపోయింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన భాగం. పంపు ఒక వైపు, డ్రైన్ ఇంకో వైపు అన్నాం. మరి ఆ పంపుని నడిపేది ఎవరు? కింద నుంచి వేడి గాలి తోస్తోందనుకున్నాను నేను. కాదు. శీతాకాలంలో హిమాలయాలు, రాకీలు లాంటి కొండల మీదుగా, భూమి-సముద్రాల వేడి తేడాల వల్ల, వేల కిలోమీటర్ల పొడవున్న అలలు పుడతాయి. అవి పైకి పోయి స్ట్రాటోస్ఫియర్‌లో విరుగుతాయి, ఒడ్డున అల విరిగినట్టే. విరిగినప్పుడు అక్కడి గాలికి బ్రేక్ వేస్తాయి. బ్రేక్ పడిన గాలి ధ్రువం వైపు జారుతుంది, జారిన చోట దిగుతుంది, ఖాళీ అయిన ఉష్ణమండలం వైపు కింద నుంచి గాలి పీల్చుకుంటుంది. తోసే పంపు కాదు, గుంజే పంపు. 1991లో దీన్ని గణితంగా రాసి డౌన్‌వర్డ్ కంట్రోల్ అని పేరు పెట్టారు. అంటే ట్రోపోపాజ్ దాటే గాలి ఎంత అనేది, పెద్ద లెక్కలో, ట్రోపోపాజ్ దగ్గర తేలదు. దానికి పైన ఎక్కడో విరిగిన అలలు తేలుస్తాయి.

పెద్ద లెక్క అది. చిన్న లెక్కలో, ఫలానా రోజు ఫలానా ఊరి మీద ఏం జరిగిందంటే, వేరే కథ. ట్రోపోపాజ్ మన వైపు ఎత్తుగా, ధ్రువాల వైపు పొట్టిగా ఉంటుందని చెప్పాను కదా. ఆ మధ్యలో పెద్ద మెట్టు ఉంటుంది, అక్కడే జెట్ స్ట్రీమ్ పారుతుంది. గాలి పైకీ కిందకీ పోవాలంటే వేడెక్కాలి లేదా చల్లారాలి, అది నిదానం. కానీ ఆ మెట్టు దగ్గర వేడీ చలీ అక్కర్లేకుండా పక్కకి జారితే చాలు, ఒక పొర నుంచి ఇంకో పొరలోకి పోవచ్చు. తుఫానులు తిరిగేటప్పుడు స్ట్రాటోస్ఫియర్ గాలి నాలుకలా కిందకి సాగుతుంది. వందల కిలోమీటర్ల వెడల్పు, కిలోమీటరు చుట్టూ మందం. దీన్ని ట్రోపోపాజ్ ఫోల్డ్ అంటారు. ఆవకాయ జాడీలో గరిటె పక్కగా దింపితే నూనె సన్నటి చారగా కిందకి దిగుతుంది చూశారా, అలాగ. 1960లలో ఎడ్విన్ డేనియల్సన్ అనే శాస్త్రవేత్త విమానాలు ఆ నాలుకల్లోంచి పంపి రేడియోధార్మికత, ఓజోన్ రెండూ కొలిపించాడు. బాంబుల ధూళి దిగే దారుల్లో ఇదొకటి అని అలా తేలింది. పాపం చేసిన బాంబులే గాలికి రంగు వేసినట్టు దారి చూపించాయి.

ఇక నేను నిజంగా మూడు రోజులు ఇరుక్కున్న చోటు. ఈ నాలుకని కంప్యూటర్లో వెయ్యాలి. మోడల్ గాలిని డబ్బాలుగా కోస్తుంది. డబ్బాలో పైన ఓజోన్, కింద లేదు అనే తేడా ఉండదు. డబ్బా అంతా ఒకే అంకె. నేను చేసిన ప్రయోగం ఇది. నిలువుగా 500 మీటర్ల డబ్బాలు. పైన సగం ఓజోన్, కింద సగం సున్నా. గాలిని సెకనుకి ఒక సెంటీమీటరు చొప్పున పైకీ కిందకీ ఊపాను. ఎక్కడికీ పోదు, ఊగి మళ్లీ మొదటి చోటికే వస్తుంది. కాబట్టి పది రోజుల తర్వాత హద్దు కత్తితో కోసినట్టు అలాగే ఉండాలి. రన్ చేశాను. హద్దు రెండు కిలోమీటర్లు అలుక్కుపోయింది. ఓజోన్ కిందకి కారిపోయింది. బగ్ అనుకుని కోడ్ అంతా వెతికాను.

బగ్ లేదు. నేను వాడిన పద్ధతి అన్నిటికంటే సింపుల్‌ది, దాన్ని అప్‌విండ్ అంటారు. ప్రతి స్టెప్‌లో గాలి కొంచెం పక్క డబ్బాలోకి పోతుంది, పోగానే ఆ డబ్బా అంతా కలిపేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కలిసిపోయిన గాలే వస్తుంది. సాంబారు గిన్నెలో పెట్టిన గరిటె పెరుగు గిన్నెలో పెట్టి, మళ్లీ ఇందులో పెట్టినట్టు. లెక్క వేస్తే ఈ దొంగ కలయిక బలం, వేగం సార్లు డబ్బా ఎత్తు బై రెండు. అంటే 2.5 చదరపు మీటర్లు సెకనుకి. కింది స్ట్రాటోస్ఫియర్‌లో నిజమైన కలయిక 0.1 చుట్టూ, చాలాచోట్ల అంతకంటే తక్కువే. నా కోడ్ ప్రకృతి కంటే ఇరవై ఐదు రెట్లు ఎక్కువ కలుపుతోంది. అదీ ఎవరూ కలపమని చెప్పకుండా.

పెద్ద మోడల్స్ రాసేవాళ్లు ఇంత అమాయకపు పద్ధతి వాడరు లెండి. మెరుగైన పద్ధతులున్నాయి. కొందరు డబ్బాల్ని ఎత్తుని బట్టి కాక పొటెన్షియల్ టెంపరేచర్‌ని బట్టి కోస్తారు, అంటే ఆ గాలిని నేల పీడనం దాకా దింపితే ఎంత వేడెక్కుతుందో ఆ అంకెని బట్టి. గాలి ఊగినప్పుడు ఆ పొరలూ దాంతోపాటే ఊగుతాయి కాబట్టి దొంగ కలయిక పడిపోతుంది. ఇంకొందరు డబ్బాలే వదిలేసి లక్షల గాలి పొట్లాల్ని ఒక్కొక్కటిగా వెంబడిస్తారు. జర్మనీలో యూలిష్ వాళ్ల క్లామ్స్ మోడల్ అలాంటిదే.

వెంబడించడంలోనూ ఒక తిప్పలుంది. ఒక పొట్లం హద్దు దాటింది, గంటలో వెనక్కి పోయింది. అది దాటినట్టా కాదా? మీ అకౌంట్‌లోకి రోజుకి కోటి రూపాయలు వచ్చి, 99 లక్షల 90 వేలు పోయాయనుకోండి. మిగిలింది పదివేలు. రెండు వైపులా కొలతలో ఒక్క శాతం తప్పు చాలు, లక్ష రూపాయల తేడా వస్తుంది, మిగిలిన పదివేలు ఏ మూలకీ కనపడదు. ట్రోపోపాజ్ దాటే గాలి సరిగ్గా ఇలాంటి అకౌంట్. అందుకని దాటాక కనీసం ఇన్ని గంటలు అవతలే ఉంటేనే లెక్కలోకి తీసుకుంటాం అని రూల్ పెడతారు. జ్యూరిక్ శాస్త్రవేత్తలు 1979 నుంచి 2011 దాకా వాతావరణ డేటా మీద ఈ పని చేసినప్పుడు 48 గంటల రూల్ పెట్టారు. గంటలు మారిస్తే జవాబూ మారుతుంది. నన్నడిగితే ఈ రంగంలో అంకె కంటే ముందు అడగాల్సింది ఆ గంటలు ఎన్ని అని.

దీని మీద ఇప్పుడు కూడా డబ్బు, చట్టం ఆధారపడి ఉన్నాయి. ట్రోపోస్ఫియర్‌లోకి పైనుంచి ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నుల ఓజోన్ దిగుతుందని మోడల్స్ అంచనా. కింద పొగ, ఎండ కలిసి తయారుచేసేది దానికి దాదాపు పది రెట్లు. కానీ ఒక వసంతపు మధ్యాహ్నం ఎత్తైన కొండ ఊరి మీద నాలుక దిగితే, ఆ రోజు పరిమితి దాటించింది ఫ్యాక్టరీలా, స్ట్రాటోస్ఫియరా? అమెరికా పశ్చిమ రాష్ట్రాలు ఇలాంటి రోజుల్ని లెక్కలోంచి తీసెయ్యమని అడగవచ్చు. నిరూపించాలి, అంతే. ఆ నిరూపణ మోడల్‌తోనే.

మన వైపు సంగతి వేరు. మనకి దిగే గాలి కంటే ఎక్కే గాలి ముఖ్యం. వానాకాలంలో ఆసియా పైన, టిబెట్ మీదుగా, ట్రోపోపాజ్ ఎత్తులో పెద్ద సుడి కూర్చుంటుంది. కింద ఉరుముల మబ్బులు మన పొగనీ దుమ్మునీ ఆ సుడిలోకి ఎత్తిపోస్తాయి. కాలిప్సో శాటిలైట్ డేటాలో ఆ ఎత్తులో సన్నటి ధూళి పొర ఒకటుందని 2011లో బయటపెట్టారు. ఆ పొరలో ఏముందో చూడటానికి 2014 నుంచి ఇస్రో, నాసా కలిసి బెలూన్లు వదిలాయి. గాదంకి నుంచి, వారణాసి నుంచి, ఇంకా మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి. నైట్రేట్లు ఎక్కువగా కనిపించాయి. నేను హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లున్నాను. మనం ఇక్కడ వదిలిన గాలి ఎక్కడికి ఎక్కుతుందో చూసే బెలూన్లు అదే ఊరి మీద నుంచి లేచాయని ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా తెలియదు.

2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రం కింద హుంగా అగ్నిపర్వతం పేలినప్పుడు సుమారు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరి నేరుగా స్ట్రాటోస్ఫియర్‌లోకి పోయింది. అక్కడున్న మొత్తం తేమలో పదో వంతు, ఒక్క రోజులో. మామూలుగా పొడిగా వడకట్టే ఆ మైనస్ 80 హద్దుని దాటవేసి. మోడల్స్‌కి ఇంత మంచి పరీక్ష మళ్లీ ఎప్పుడొస్తుందో. అది ఎన్నేళ్లకి దిగుతుందన్నది మళ్లీ మన ట్యాంకు ప్రశ్నే.

ఇప్పుడు మాస్టారి ఫ్రిజ్. మర్చిపోలేదు సార్.

పాత ఫ్రిజ్‌లో ఉండేది సీఎఫ్‌సీ-12. అది కింద ఏ వానకీ కరగదు, దేనితోనూ కలవదు. దాన్ని విరగ్గొట్టాలంటే స్ట్రాటోస్ఫియర్‌లో పైన ఉండే అల్ట్రావయొలెట్ కావాలి. ట్యాంకు రెండేళ్లకి మారుతుంది కదా, మరి ఆ గ్యాస్ వందేళ్లు ఎందుకుంటుంది? అదే భాగహారం ఇంకోసారి. ఈసారి ట్యాంకు కాదు, భూమి మీద గాలి మొత్తం. 51,000 కోట్ల కోట్ల కిలోలని సెకనుకి 600 కోట్లతో భాగిస్తే 85 కోట్ల సెకన్లు. 27 ఏళ్లు. మన గాలి మొత్తం ఒక్కసారి ఆ పంపులోంచి పోవడానికి 27 ఏళ్లు పడుతుంది. పోయినా, చాలా భాగం గ్యాస్ విరిగేంత ఎత్తుకి ఎక్కకుండానే పక్కకి తిరిగి దిగిపోతుంది. వందేళ్ల ఆయువు రావాలంటే ఒక్కో ట్రిప్పులో పావు వంతు విరిగితే లెక్క సరిపోతుంది.

మీ ఫ్రిజ్ 35 ఏళ్ల కింద లీకైందనుకుందాం మాస్టారూ. ఆ గ్యాస్‌లో ఇంకా 70 శాతం గాలిలోనే ఉంది, చాలావరకు ట్రోపోస్ఫియర్‌లోనే, పైకెక్కే వంతు కోసం కాచుకుని.